ఆదరణకు నోచుకొనని మేనేజరు చివరి ఆట

ఫుట్‌బాల్ పందెములో ఎవరు గెలిచినారో గోల్సు సంఖ్య చూచి చెప్పవచ్చును. ఆ జట్టును నడిపిన మనిషికి జనుల హృదయములలో ఎంత చోటు దొరికినదో మాత్రము ఆ సంఖ్య చెప్పజాలదు. ఈ రెండు లెక్కలు ఒకదానికొకటి ఎంత దూరముగా ఉండగలవో తెలిసికొనుటకు 2013 మే 19వ తేదీన లండను నగరమందలి స్టాంఫర్డ్ బ్రిడ్జి మైదానమున జరిగిన ఆట మంచి ఉదాహరణము. ఆ దినమున చెల్సీ క్లబ్బు ఎవర్టన్ క్లబ్బును 2–1 గోల్సుతో ఓడించినది. చెల్సీ మేనేజరుగా రఫేల్ బెనిటెజ్‌కు అదే చివరి ఆట. నాలుగు దినములకు ముందే ఆయన ఆ క్లబ్బునకు ఐరోపా ఖండపు కప్పు నొకదానిని గెలిచి తెచ్చినారు. అయినను ఆయనను ఉండుమని క్లబ్బు కోరలేదు. అభిమానులలో అధికసంఖ్యాకులును కోరలేదు. ఇది ఎందువలన జరిగినదో ఈ ప్రసంగమున వివరింపదలచినాము.

ఇంగ్లాండు ఫుట్‌బాల్ లోకమున మేనేజరు అను మాటకు మన కార్యాలయములలోని అర్థము చాలదు. ఏ పదకొండుమంది మైదానములోనికి దిగవలెను, ఎవరు వెలుపల వేచియుండవలెను, ఎవరిని ఎప్పుడు మార్చవలెను, ఎదుటి జట్టును ఏ వ్యూహముతో నిలువరింపవలెను అనునవి అన్నియు ఆయన నిర్ణయములే. డబ్బు పెట్టునది యజమాని, చెమటోడ్చునది ఆటగాండ్రు, నింద మోయునది మేనేజరు. జట్టు వరుసగా ఓడినప్పుడు యజమానిని తొలగించుట అభిమానులకు సాధ్యము కాదు. ఆటగాండ్రనందరిని ఒక్కసారిగా మార్చుట యజమానికిని సాధ్యము కాదు. కావున మారునది మేనేజరే. 2003లో చెల్సీని కొని, 2022 వరకు దానికి యజమానిగా ఉన్న రష్యా ధనికుడు రోమన్ అబ్రమోవిచ్ ఈ మార్పులలో మిక్కిలి తొందర చూపినారు. పదేండ్లు నిండకమునుపే ఆయన క్రింద పనిచేసిన మేనేజర్లలో బెనిటెజ్ తొమ్మిదవవారు.

బెనిటెజ్ స్పెయిను దేశీయులు. వాలెన్సియా జట్టును 2002లోను, 2004లోను ఆ దేశపు లీగు విజేతగా నిలిపి, 2004లో ఇంగ్లాండులోని లివర్‌పూల్ క్లబ్బునకు వచ్చినారు. మరుసటి సంవత్సరమే, ఐరోపాలోని అగ్రశ్రేణి క్లబ్బులు పోటీపడు చాంపియన్స్ లీగు తుది ఆట ఇస్తాంబుల్ నగరమున జరిగినది. సగము ఆట ముగియునప్పటికి ఎదుటి పక్షమైన మిలాన్ జట్టుకు మూడు గోల్సు, లివర్‌పూల్‌కు సున్న. అక్కడినుండి లెక్క సమము చేసి, పెనాల్టీ తన్నులలో లివర్‌పూల్ కప్పు గెలిచినది. ఇంతటి సమర్థుని చెల్సీవారు ఏల ద్వేషింపవలెను? ఆ సామర్థ్యము వారిపైననే ప్రయోగింపబడినది గనుక. 2005లో లివర్‌పూల్ సెమీఫైనలున చెల్సీని దాటియే ఇస్తాంబుల్ చేరినది. ఆ ఆటలో పడిన ఒకే ఒక గోలు విషయమై, బంతి గీత దాటినదా లేదా అను వాదము నేటికిని చల్లారలేదు. 2007లో అదే మెట్టుపై చెల్సీకి మరల భంగపాటు. చెల్సీవారు తమ అభిమానులకు జెండాలు పంచిపెట్టుదురనియు, లివర్‌పూల్‌వారికి అట్టి అవసరము లేదనియు బెనిటెజ్ అప్పుడు ఎత్తిపొడిచినారు. మాట అన్నవారు మరచినను, పడినవారు మరువలేదు.

ఇది పాతగాయము. క్రొత్త గాయము 2012 నవంబరులో తగిలినది. అప్పటి మేనేజరు రోబెర్టో డి మాటియో చెల్సీకి పరాయివాడు కాదు. 1996 నుండి 2002 వరకు ఆ క్లబ్బు చొక్కా తొడిగి ఆడినవాడు. 2012 మార్చిలో జట్టు చిక్కులలో ఉండగా బాధ్యత చేపట్టి, ఆ మే నెలలోనే ఎఫ్.ఏ. కప్పును, అనంతరము మ్యూనిక్ నగరమున బయర్న్ జట్టుపై చాంపియన్స్ లీగును గెలిపించినాడు. చెల్సీ చరిత్రలో ఆ ఐరోపా కిరీటము అదే మొదటిది. ఆరు నెలలు గడచినవి. నవంబరు 20న ఇటలీలో యువెంటస్ చేత 3–0 తో ఓడిన మరునాడే ఆయనను తొలగించినారు. ఏరు దాటి తెప్ప తగలవేసినట్లున్నదని అభిమానులు బాధపడుచుండగనే, ఆ దినముననే ఆ స్థానమున బెనిటెజ్‌ను నియమించినట్లు ప్రకటన వచ్చినది. అది గోరుచుట్టుపై రోకటిపోటు. పైగా ఆయన పదవికి ‘తాత్కాలిక’ అను విశేషణము తగిలించినారు. అనగా, గెలిచినను ఓడినను సీజను చివర ఆయన వెడలిపోవుట దాదాపు నిశ్చయము.

నవంబరు 25న స్వంత మైదానమున మాంచెస్టర్ సిటీతో ఆయన మొదటి ఆట. గోలు లేకుండ ముగిసిన ఆ ఆటకన్న, ఆయన మైదానమున కనబడగనే లేచిన ఎగతాళి కేకలే ఎక్కువ మందికి గుర్తున్నవి. ఆ తరువాత వారమువారము ఒక వింత జరుగుచుండెడిది. గడియారము పదునారవ నిమిషము చూపగనే వేలకొలది జనులు చప్పట్లు చరచి డి మాటియో పేరు పాడెడివారు. ఆయన ఆటగాడుగా తొడిగిన చొక్కా సంఖ్య 16. రేడియోలో వ్యాఖ్యానము వినువారికి ఇది గమనింపదగిన విషయము. బంతి నడిమైదానమున ఊరక దొర్లుచుండగా, గోలుగాని తప్పుగాని లేకుండనే జనఘోష హఠాత్తుగా ఉప్పొంగినచో, అక్కడ ఆటకు సంబంధింపని మరియొక కథ నడచుచున్నదని మనము గ్రహింపవలెను.

తాత్కాలికుడగుటయే ద్వేషమునకు కారణమా? కాదని చెప్పుటకు చెల్సీ చరిత్రలోనే సాక్ష్యము కలదు. 2009లో హాలెండు దేశీయులు గుస్ హిడింక్ అదే రీతిగా కొద్ది నెలలకు మాత్రమే వచ్చి, మే 30న వెంబ్లీ మైదానమున ఎఫ్.ఏ. కప్పు తుది ఆటతో సెలవు తీసికొన్నారు. ఆ దినమునను ఎదుటి జట్టు ఎవర్టనే. గోల్సు లెక్కయు 2–1. ఆయనను మాత్రము అభిమానులు ఉండుమని బ్రతిమాలినారు. పదవి ఒక్కటే, గడువు ఒక్కటే, చివరి ఆట ఫలితము కూడ ఒక్కటే. భేదమంతయు వచ్చిన త్రోవలో ఉన్నది. హిడింక్ వెంట పాతపగలు ఏవియు రాలేదు.

బెనిటెజ్ పనికిని మొదట అదృష్టము కలిసిరాలేదు. యువెంటస్ చేతి దెబ్బతో అప్పటికే కుంటుపడిన చాంపియన్స్ లీగు ప్రయాణము డిసెంబరులో ముగిసినది. కప్పు చేతనుంచుకొని మొదటి దశలోనే వెడలిపోయిన తొలి క్లబ్బు చెల్సీయే. అదే నెల 16న జపానులోని యొకొహామాలో ప్రపంచ క్లబ్బుల కప్పు తుది ఆటలో బ్రెజిలు జట్టు కోరింథియన్స్ 1–0 తో ఓడించినది. జనవరిలో స్వాన్సీ జట్టు లీగు కప్పునుండి తప్పించినది. ఫిబ్రవరి 27న మిడిల్స్‌బరోలో ఎఫ్.ఏ. కప్పు ఆట గెలిచిన తరువాత ఆయన ఓర్పు కట్ట తెగినది. తన పదవికి తాత్కాలికమను పేరు పెట్టుట క్లబ్బు చేసిన పొరపాటనియు, అట్టలు పట్టి తనను తిట్టుటలో కాలము వ్యర్థము చేయు జనులు జట్టుకు హాని చేయుచున్నారనియు, సీజను ముగియగనే తాను వెడలిపోవుదుననియు పత్రికలవారి ఎదుట చెప్పివేసినారు.

అట్లు చెప్పినవారిని మరునాడే తొలగింతురని అనేకులు ఊహించినారు. తొలగింపలేదు. వెడలిపోవునని అందరెరిగిన మనిషి మాటను ఆటగాండ్రు వినరని కూడ అనుకొన్నారు. అదియు జరుగలేదు. చాంపియన్స్ లీగునుండి జారినవారికి ఐరోపాలోని రెండవ పోటీయగు యూరోపా లీగున ఆ కాలమున చోటు దొరకెడిది. చెల్సీ అందు ఒక్కొక్క మెట్టు ఎక్కి, మే 15న ఆంస్టర్‌డాం నగరమున తుది ఆటకు చేరినది. ఆ సీజనులో చెల్సీ ఆడిన ఆటలు అన్ని పోటీలలో కలిపి 69. అలసిన జట్టు, దానికితోడు కెప్టెను జాన్ టెర్రీ గాయపడియుండెను. ఆ స్థితిలో పోర్చుగల్ దేశపు బెన్‌ఫికా జట్టును ఎదుర్కొన్నారు. టోరెస్ గోలు కొట్టగా కార్డోసో పెనాల్టీతో సమము చేసినాడు. తొంబది నిమిషములు నిండి, అదనపు క్షణములు నడచుచుండగా మాతా మూలనుండి తన్నిన బంతిని ఇవనోవిచ్ తలతో గోలులోనికి పంపినాడు. దీనితో మే 25న క్రొత్త చాంపియన్స్ లీగు విజేత తేలువరకు, పది దినములపాటు ఐరోపాలోని రెండు కిరీటములును చెల్సీవే అయినవి. మొదటిది డి మాటియో తెచ్చినది; రెండవది ఆయన స్థానమున కూర్చున్నందుకు తిట్లు తిన్నవారు తెచ్చినది.

ఇక చివరి ఆట. ఇది కేవలము మర్యాదకు ఆడిన ఆట కాదు. ఇంగ్లాండు లీగులో గెలుపునకు మూడు పాయింట్లు, సమముగా ముగిసినచో ఒకటి. ఆ ఉదయమున చెల్సీకి 72, ఆర్సెనల్‌కు 70 పాయింట్లు. అప్పటి నిబంధన ప్రకారము మొదటి మూడు స్థానములవారికి మరుసటి ఏటి చాంపియన్స్ లీగున నేరుగా ప్రవేశము. నాలుగవవారు వేసవి చివర మరియొక అర్హత పరీక్షకు నిలువవలెను. చెల్సీ ఓడి, ఆర్సెనల్ గెలిచినచో మూడవ స్థానము చేజారును. ఆర్సెనల్ ఆ దినమున గెలిచినది కూడ. ఏడవ నిమిషమున మాతా గోలు కొట్టినాడు. పదునాలుగవ నిమిషమున నెయిస్మిత్ దానిని సమము చేసినాడు. ఆ పిమ్మట గంటకు పైగా లెక్క కదలలేదు. డెబ్బదియారవ నిమిషమున ఫెర్నాండో టోరెస్ గెలుపు గోలు కొట్టినాడు. ఈ టోరెస్‌ను 2007లో లివర్‌పూల్‌కు తెచ్చినది బెనిటెజే. 2011లో చెల్సీ అతనికై 5 కోట్ల పౌనులు ఇచ్చినది. తరువాత అతడు గోల్సు కొరకు చాల కాలము తడుములాడినాడు. బెనిటెజ్ కాలమున చెల్సీ కొట్టిన చివరి గోలు అతనిదే అగుట విశేషము.

చెల్సీ 75 పాయింట్లతో మూడవ స్థానమును నిలుపుకొన్నది. దాని ఫలము అనుభవింపవలసినవారు రాబోవు మేనేజరు. తాను కూర్చుండబోని నీడకు చెట్టు నాటుట వంటిది ఈ పని. బెనిటెజ్ ఆడించిన ఆటలు 48. గెలిచినవి 28, సమముగా ముగిసినవి 10, ఓడినవి 10. ఆయన పని చేపట్టిననాడును చెల్సీది లీగులో మూడవ స్థానమే గదా అని విమర్శకులు అనవచ్చును. అదియు నిజమే. కాని నడిసముద్రమున చుక్కాని అందుకొని, ఓడ నడపువాని పేరు చెప్పి ప్రయాణికులే కేకలు వేయుచుండగా, దానిని అనుకొన్న రేవుకు చేర్చుట తక్కువ పని కాదు.

అదే మధ్యాహ్నమున ఇంగ్లాండులో మరి రెండు వీడ్కోళ్ళు జరిగినవి. ఎదుటి జట్టు ఎవర్టన్‌ను పదకొండేండ్లు నడిపిన డేవిడ్ మోయిస్‌కు ఆ క్లబ్బుతో ఆనాటికి అదే చివరి ఆట. ఇరువదియారేండ్లకు పైగా మాంచెస్టర్ యునైటెడ్‌ను నడిపిన అలెక్స్ ఫెర్గూసన్ తన 1500వ ఆటతో విరమించినారు. అది 5–5 తో సమముగా ముగిసినది. ఆ దినపు పూలన్నియు సహజముగా ఆయనకే పడినవి. దీర్ఘకాలము కలిసి బ్రతికినవారిని సాగనంపుటలోని బరువు, ఆరు నెలల అతిథిని సాగనంపుటలో ఉండదు.

కావున అభిమానులను మూర్ఖులని తీసివేయుట న్యాయము కాదు. క్లబ్బనునది వారికి తండ్రులనుండి వచ్చిన జ్ఞాపకముల మూట. తమకు మొదటి కిరీటము తెచ్చినవానిని అవమానించినప్పుడు వారికి నొప్పి కలుగుట కృతజ్ఞతకు గుర్తు. పొరపాటల్లా, ఆ కోపము వ్రాయవలసిన చిరునామాలో ఉన్నది. డి మాటియోను తొలగించినది బెనిటెజ్ కాదు, యజమాని. యజమాని ఎత్తైన మేడగదిలో ఉండగా, మేనేజరు గీత ప్రక్కన అందరి కంటికి ఎదురుగా నిలిచియున్నాడు. రాయి దగ్గరివానికే తగులును.

తరువాతి చరిత్ర దీనిని బలపరచుచున్నది. బెనిటెజ్ స్థానమున 2013 జూనులో చెల్సీ అభిమానుల ఆరాధ్యుడు మౌరీన్యో తిరిగి వచ్చినారు. మొదటి ఏట ఆయనకును లీగులో మూడవ స్థానమే. కప్పు ఒక్కటియు రాలేదు. ఆయనను ఎవరును దూషింపలేదు. మరుసటి ఏట లీగు గెలుచువరకు ఓపికతో ఎదురు చూచినారు. బెనిటెజ్ నాపోలి క్లబ్బునకు పోయి 2014లో ఇటలీ కప్పు గెలిచినారు. 2016లో న్యూకాసిల్ జట్టు క్రింది శ్రేణికి జారినను దానిని విడువక నిలిచి, మరుసటి ఏటనే పై శ్రేణికి తెచ్చి, అక్కడివారి ప్రేమను నిండుగా పొందినారు. 2021లో ఎవర్టన్‌కు మేనేజరైనప్పుడు, లివర్‌పూల్ పాతబంధము మరల అడ్డునిలిచినది, ఓటములును తోడైనవి, 2022 జనవరిలో ఆ పదవి పోయినది. మనిషి ఒక్కడే. ఊరు మారినకొలది ఆదరణ మారినది.

ఒకరిని ప్రేమించుటకు ఎవరిని ఎవరును బలవంతపెట్టలేరు. కాని ప్రేమ లేనిచోట కూడ న్యాయముగా లెక్క చూచుట మనకు సాధ్యమే. ఆటలోనే గాదు, కచేరీలోను, బడిలోను, ఇంటిలోను గూడ పాతవారిపై మమతతో క్రొత్తవారి పనిని సరిగా చూడకపోవుట మనము ఎరుగనిది కాదు. అట్టి సమయమున ఆ మనిషి తెచ్చిన పాతకథను ఒక వైపును, చేసిన పనిని వేరొక వైపును ఉంచి తూచినచో, మన తీర్పు కొంత నిలుకడగా ఉండునని మా నమ్మకము.