శోభి మచ్చలో దొరికిన మంగు మందు

ఎంజైముల పాఠం చెబుతున్నప్పుడు వెనక బెంచీ అమ్మాయి లేచి అడిగింది: "టీచర్, శోభి వచ్చిన చోట చర్మం రంగు ఎందుకు పోతుంది? ఆ బూజు రంగును తినేస్తుందా?"

తినదు. అక్కడ రంగు తయారీ మందగిస్తుంది. ఎలా మందగిస్తుందన్న ప్రశ్నే 1970లలో రోమ్‌లోని సాన్ గల్లికానో చర్మవ్యాధుల సంస్థలో మార్చెల్లా నజ్జారో-పోర్రో, సిరో పాస్సీలను పట్టుకుంది. జవాబు కోసం వెతుకుతూ పోయిన వాళ్లకు మంగు మచ్చలను తగ్గించే మందు దొరికింది. ఇవాళ మందుల షాపుల్లో క్రీముగా, జెల్లుగా కనిపించే అజెలైక్ ఆమ్లం అదే.

శోభి తెచ్చే మలసీజియా అనే ఈస్టు మనందరి చర్మం మీదా ఉంటుంది. చర్మం ఊరించే జిడ్డే దాని తిండి. ఆ జిడ్డులోని ఓలియిక్ ఆమ్లంలో 18 కార్బన్లు గొలుసుగా ఉంటాయి. 9వ, 10వ కార్బన్ల మధ్య ఒక జంట బంధం ఉంటుంది. గొలుసులో తేలిగ్గా తెగే చోటు అదే. అక్కడ తెగితే, రెండు కొసలా ఆమ్ల గుణం ఉన్న తొమ్మిది కార్బన్ల ముక్క ఒకటి విడివడుతుంది. అదే అజెలైక్ ఆమ్లం. ఈస్టును పెంచిన ద్రవంలో ఇలాంటి ముక్కలు ఉన్నాయనీ, అవి రంగు తయారీకి అడ్డుపడుతున్నాయనీ ఆ ఇద్దరూ 1978లో ప్రకటించారు.

మన ఆముదంలోని రిసినోలియిక్ ఆమ్లానికీ జంట బంధం సరిగ్గా అదే చోట ఉంది. అందుకే ఆముదాన్ని క్షారంతో ఉడికించి, వచ్చిన ఆమ్లాన్ని పొటాషియం పర్మాంగనేటుతో ఆక్సీకరిస్తే ఇదే పదార్థం చేతికొస్తుంది. పెద్ద ఎత్తున చేసేవాళ్లు ఓలియిక్ ఆమ్లాన్ని ఓజోన్‌తో తెగ్గొడతారు. పనిముట్టు మారినా తెగే చోటు మారదు. పాలమూరు, నల్లగొండ చేలల్లో ఆముదం పండించే ఇళ్ల పిల్లలకు ఈ రసాయన శాస్త్రం చెప్పడమంటే నాకు ఎంతో ఇష్టం.

ఇక చర్మం లోపలి సంగతి. మెలనోసైట్ అనే కణాలు టైరోసిన్ నుంచి మెలనిన్ తయారు చేస్తాయి. అందులో మొదటి మెట్టు ఎక్కించేది టైరోసినేజ్, రాగిని ఇముడ్చుకున్న ఎంజైము. కోసిన వంకాయ ముక్కను నల్లబరిచేది కూడా దీని బంధువే. అజెలైక్ ఆమ్లం ఈ ఎంజైములో టైరోసిన్ కూర్చోవలసిన చోటు కోసం పోటీ పడుతుంది. అయితే ఆ పోటీలో దానికి బలం చాలదు. ఎక్కువ మోతాదు ఉంటే తప్ప ఎంజైము లొంగదు. క్రీములో ఏకంగా 20 శాతం వేయడానికి అదొక కారణం.

అసలు బలం వేరే చోట ఉంది. ఈ ఆమ్లం కణంలోని మైటోకాండ్రియాలో శక్తి తయారీని, కేంద్రకంలో డీఎన్ఏ తయారీని తగ్గిస్తుంది. అతిగా పనిచేస్తున్న, అదుపు తప్పిన మెలనోసైట్లకే ఆ దెబ్బ గట్టిగా తగులుతుంది. మామూలు వేగంతో నడిచే కణాలను అది దాదాపు కదిలించదు. అందుకే మామూలు చర్మం రంగు మారదు. పుట్టుమచ్చలు, వయసుతో వచ్చే మచ్చలు కూడా దీనికి తగ్గవు. దీన్ని మెత్తని మందు అనడానికి నాకు కనిపించే కారణం ఇదే. ఇది మచ్చ మీద పనిచేస్తుందే కానీ మనిషిని తెల్లబరచదు. మన రంగును రోగంలా చూపి క్రీములు అమ్మిన దేశంలో ఈ తేడా చిన్నది కాదు.

ఆ అమ్మాయికి మాత్రం నా జవాబు ఇంకా పూర్తి కాలేదు. అదే ఈస్టు ట్రిప్టోఫాన్ నుంచి మలసీజిన్ వంటి వేరే పదార్థాలనూ తయారు చేస్తుందని తర్వాత తేలింది. కాబట్టి శోభి తెలుపు మొత్తాన్నీ అజెలైక్ ఆమ్లం ఖాతాలో వేయలేం.

దీనికి పాత పోటీదారు హైడ్రోక్వినోన్. ఆ కుటుంబం కూడా అనుకోకుండానే దొరికింది. 1939లో అమెరికాలో తోళ్లు శుద్ధిచేసే కార్మికుల చేతుల మీద తెల్ల మచ్చలు వచ్చాయి. కారణం చూస్తే రబ్బరు తొడుగుల్లో కలిపిన హైడ్రోక్వినోన్ సంబంధిత రసాయనం. హైడ్రోక్వినోన్ చురుకైనదే కానీ, ఏళ్ల తరబడి రాస్తే కొందరి చర్మం నీలి నలుపుగా మారిపోతుందని 1975లో దక్షిణాఫ్రికా నుంచి వార్త వచ్చింది. మచ్చ పోవాలని రాసిన మందు పోని మచ్చను మిగిల్చింది.

రెండింటినీ ఎదురెదురుగా నిలబెట్టారు. ఫిలిప్పీన్స్‌లో మంగు ఉన్న 155 మంది మీద 24 వారాల పరీక్ష జరిగింది, ఎవరికి ఏ మందు ఇచ్చారో డాక్టరుకూ రోగికీ తెలియని పద్ధతిలో. 20 శాతం అజెలైక్ రాసినవాళ్లలో 73 శాతం మందికి మంచి ఫలితం కనిపించింది. 2 శాతం హైడ్రోక్వినోన్ రాసినవాళ్లలో 19 శాతం మందికే కనిపించింది. హైడ్రోక్వినోన్‌ను 4 శాతానికి పెంచి 329 మంది స్త్రీల మీద చూసినప్పుడు మాత్రం రెండూ ఇంచుమించు సమానంగా నిలిచాయి. నేను ఎక్కువ నమ్మేది ఈ రెండో పరీక్షనే, ఎందుకంటే పోటీదారు అక్కడ పూర్తి బలంతో ఉన్నాడు.

తర్వాతి కథ త్వరగానే సాగింది. రంగు కోసం రాసినవాళ్లలో మొటిమలు తగ్గడం గమనించారు. 1995లో అమెరికా దీన్ని మొటిమలకు, 2002లో 15 శాతం జెల్లును ముఖం ఎర్రబడే రోజేషియాకు అనుమతించింది. మంగుకు మాత్రం అక్కడ ఇప్పటికీ డాక్టరు తన విచక్షణతో రాసిచ్చే మందే. రాసినదాంట్లో ఒంట్లోకి ఇంకేది సుమారు 4 శాతం. గర్భంతో ఉన్నప్పుడు మంగు వచ్చినవాళ్లకు డాక్టర్లు దీనివైపు మొగ్గడానికి అదొక కారణం.

మొదటి వారాల్లో చురుక్కుమంటుంది, దురద పెడుతుంది. ఫలితం కనబడటానికి నెలలు పడుతుంది. ఎండ నుంచి కాపాడే క్రీము రాయకపోతే ఏ మందూ నిలవదు. వారంలో మచ్చ మాయమవుతుందని ఎవరైనా ట్యూబు చేతిలో పెడితే అందులో స్టెరాయిడ్ ఉందేమో చూడండి, చర్మం డాక్టరును అడగకుండా ముఖానికి రాయకండి.