రెండు బొమ్మలు ఒకటైతేనే ఫోటో!

"అన్నా, అమ్మ పేరున ఉన్న అరెకరం బేరం పెట్టినా. లైకా కొంటాండా!"

ఆళ్ళగడ్డ నుంచి ఫోన్లో మా తమ్ముడు అన్న మాట ఇది. సొంత తమ్ముడు కాదు లెండి. నంద్యాలలో నేను పెళ్ళిళ్ళకు ఫోటోలు తీస్తుంటే లైట్లు పట్టుకోవడానికి వచ్చి, చూస్తూ చూస్తూ కెమెరా పట్టేసిన కుర్రాడు. వాళ్ళ నాయన శిల్పి. ఆళ్ళగడ్డ అంటే మీకు అహోబిలం వెళ్ళే దారి గుర్తొస్తుందేమోగానీ, గుడికి రాతి విగ్రహం కావలసిన వాళ్ళకు మాత్రం ఆ ఊరి ఉలి చప్పుడే గుర్తొస్తుంది.

"ఒరే, భూమి ఎక్కడికీ పోదు. రెండ్రోజులు ఆగు" అన్నాను. అదృష్టం కొద్దీ, అమెరికా నుంచి సెలవులకు వచ్చిన మా బంధువు దగ్గర డిజిటల్ రేంజ్‌ఫైండర్ ఒకటి ఉంది. బతిమాలి ఒక్కరోజుకు అడిగి తీసుకున్నాను. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ నలభై కిలోమీటర్లు. ఆ నలభై కిలోమీటర్లూ దాన్ని ఒళ్ళో పసిపిల్లలా పెట్టుకునే వెళ్ళాను!

ఇంతకీ ఏమిటీ కెమెరా?

ద్విపాత్రాభినయం మీకు తెలియనిది కాదుగా! ఈ కెమెరా కిటికీలోంచి చూస్తే మధ్యలో ఒక చిన్న చదరంలో హీరో ఇద్దరుగా కనిపిస్తాడు. ముందువైపు పక్కపక్కన ఉన్న రెండు కిటికీలు చూసిన బొమ్మలవి. లెన్సు రింగు తిప్పుతూ పోతే రెండూ దగ్గరికి జరుగుతాయి. ఒకటిగా కలిసిపోయాయా, ఫోకస్ కుదిరినట్టే. ఆటోఫోకస్ లేదు. జూమ్ అసలే లేదు. అంతా మన చేతి పనే.

దీని చరిత్ర అచ్చం ఒక స్టార్ కథ. 1925లో జర్మనీలోని లైప్‌జిగ్ ప్రదర్శనలో లైకా తెరంగేట్రం. 1932లో రేంజ్‌ఫైండర్ లెన్సుతో జత కట్టింది. 1954లో ఎం3 వచ్చి సూపర్‌హిట్. 1959లో నికాన్ ఎఫ్ రాగానే కథ మలుపు తిరిగింది. లెన్సు ఏం చూస్తే కన్నూ అదే చూసే ఎస్సెల్లార్‌లదే రాజ్యమైంది, మన హీరో క్యారెక్టర్ ఆర్టిస్టయ్యాడు.

డిజిటల్‌లో మళ్ళీ తెరకెక్కించింది ఎప్సన్. 2004లో ఆర్-డి1 తెచ్చింది. లైకా ఎం8 2006లో వచ్చింది. దానికి మొదట్లో ఒక చిత్రమైన జబ్బు. నల్లటి సింథటిక్ బట్టలు కొన్ని ఊదా రంగులో పడేవి! కంపెనీయే ఫిల్టర్లు ఇచ్చి సర్దుకోవలసి వచ్చింది. ఫిల్ము సైజు సెన్సారుతో ఎం9 2009లో వచ్చింది. 2022 నాటి ఎం11కి అమెరికాలో పెట్టిన ధర 8,995 డాలర్లు. అప్పటి లెక్కన ఆరున్నర లక్షల పైమాటే. లెన్సు వేరే!

ఇప్పుడు అర్థమైందా అరెకరం ఎందుకు బేరానికొచ్చిందో?

పొద్దున షెడ్డులో...

శిల్పుల షెడ్డులో దుమ్ము, కటింగ్ మిషన్ల రొద. తమ్ముడి నాయన ఒక అమ్మవారి ముఖం చెక్కుతున్నాడు. కుర్రాడు కెమెరా తీసుకుని గంటసేపు ఒక్కచోటే నిలబడ్డాడు. ఈ కెమెరాలో ఒక సుఖముంది. కిటికీలో గీతల లోపలిది ఫోటోలో పడుతుంది, బయటిది కూడా మన కంటికి కనిపిస్తూనే ఉంటుంది. ఉలి మీదికి సుత్తి దిగి రావడం గీతల బయటే చూసి, లోపలికి రాగానే నొక్కాడు. ఎస్సెల్లార్‌లో లాగా నొక్కిన క్షణాన కన్ను చీకటి కాదు. తీసినవి ఇరవై ఫోటోలే. అందులో ఆరు నాకు ఈర్ష్య పుట్టించాయి, నిజం చెబుతున్నా.

"చూసినావా అన్నా!" అన్నాడు. కళ్ళల్లో అరెకరం అప్పటికే అమ్ముడుపోయింది.

రాత్రి పెళ్ళిలో...

అదే రోజు నంద్యాలలో మా చుట్టాల పెళ్ళి. వాళ్ళతో ముందే చెప్పి, నా మామూలు కెమెరా నా దగ్గరుంచుకుని, వాడి చేతికి రేంజ్‌ఫైండర్ ఇచ్చాను. మొదటి పది ఫోటోలు నల్లగా వచ్చాయి. లెన్సు మూత తియ్యలేదు! ఎస్సెల్లార్ అయితే కంటికే చీకటి కనిపించేది. ఇక్కడ చూసే కిటికీ వేరు, తీసే లెన్సు వేరు. తప్పు వాడిదే, నేనూ గమనించలేదు.

తాళి కట్టే క్షణం వచ్చింది. జనం తోసుకుంటున్నారు. వాడు రెండు బొమ్మల్నీ కలిపేలోగా మూడు ముళ్ళూ పడిపోయాయి. ఫోకస్ పురోహితుడి భుజం మీద నిలిచింది. ఉంగరం దగ్గరగా తీద్దామంటే, ఈ రకం కెమెరాల్లో రెండు బొమ్మలు కలవాలంటే మామూలుగా డెబ్భై సెంటీమీటర్ల దూరమైనా ఉండాలి. తాళి కట్టిన ఫోటో నా మామూలు కెమెరాలో పడింది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ పెళ్ళికూతురికి మళ్ళీ ఎవరు తెచ్చిస్తారు ఆ క్షణాన్ని?

ఒకప్పుడు దీనికి ఇంకో గొప్ప ఉండేది. చప్పుడు తక్కువ. సెట్లో స్టిల్స్ తీసేవాళ్ళకు అద్దం "టప్పు"మనే ఎస్సెల్లార్ పెద్ద తలనొప్పి. మన సినిమాల్లో మాటలు ఎక్కువగా తర్వాత డబ్బింగ్ చెప్పేవాళ్ళు కాబట్టి సరిపోయింది గానీ, సెట్లోనే మాట రికార్డు చేసే చోట అది కుదరదు. ఇప్పటి అద్దంలేని కెమెరాలు ఎలక్ట్రానిక్ షట్టర్‌తో చీమ చిటుక్కుమనకుండా తీస్తాయి. ఆ గొప్పా పోయింది. 2025 అక్టోబరులో లైకా కంపెనీయే తన ఎం వరసలో రేంజ్‌ఫైండర్ తీసేసి, ఎలక్ట్రానిక్ కిటికీ పెట్టి ఎం ఈవీ1 తెచ్చింది. పాత పద్ధతి ఎం11లు అమ్ముతూనే ఉందనుకోండి. అయినా సొంతింట్లోనే పోటీ!

మరి పనికిరాదా?

మర్నాడు కుర్రాడు దిగాలుగా కూర్చుంటే వాళ్ళ నాయన అడిగాడు, "ఏమప్పా, ఏమైంది?" చెప్పాం. ఆయన నవ్వి కటింగ్ మిషన్ చూపించాడు.

"రాయి కోసేది ఇదే. దీన్ని కాదంటే కడుపు నిండదు. ముఖం కాడికి వచ్చినప్పుడు మాత్రం ఉలే పడతాం. ఉలి కోసరమని మిషన్ అమ్ముకుంటామా?"

నా జవాబూ అదే. పెళ్ళిళ్ళతో పొట్ట పోసుకునేవాడికి ఇది అన్నం పెట్టే కెమెరా కాదు. తీరిగ్గా, ఒకే మనిషి దగ్గర, ఒకే పని దగ్గర నిలబడి చూసేవాడికి ఈనాటికీ అర్థమున్న కెమెరా. డబ్బు మిగిలితే కొనండి, భూమి అమ్మి మాత్రం వద్దు.

అసలు దూరం అంచనా కట్టి, చేత్తో ఫోకస్ చెయ్యడం లైకా సొత్తేం కాదు. సినిమా షూటింగుల్లో ఈనాటికీ ఫోకస్ పుల్లర్ టేపు పెట్టి దూరం కొలిచి, లెన్సు మీద గుర్తులు పెట్టుకుంటాడు. ఆ విద్య మీ దగ్గరున్న కెమెరాతోనే నేర్చుకోవచ్చు.

అరెకరం బేరం రద్దయింది. మొన్న ఆళ్ళగడ్డ వెళ్తే తమ్ముడు తన పాత కెమెరా చూపించాడు. జూమ్ రింగు 35 దగ్గర కదలకుండా టేపు చుట్టేశాడు. ఆటోఫోకస్ ఆపేశాడు.

"ముహూర్తాల రోజు టేపు పీకేస్తా అన్నా. మిగతా రోజులు మా నాయన దగ్గర నిలబడతా" అన్నాడు.

వాడు తీసిన నాయన ఫోటో ఒకటి ఇప్పుడు మా స్టూడియో గోడమీద ఉంది. వచ్చినవాళ్ళంతా ఏ కెమెరాతో తీశారని అడుగుతున్నారు. చెబితే నమ్మడం లేదు!