షోరూమా, షెడ్డా? ట్రాక్టర్ రైతు ఎటు పోవాలి?

కరీంనగర్: వానకాలం నాట్లు మొదలయ్యాయంటే శ్రీరాంసాగర్ కాలువల కింది పల్లెల్లో ట్రాక్టర్‌కు తీరిక వుండదు. తెల్లవారుజామున మడిలో దిగిన బండి చీకటి పడ్డాక గాని గట్టెక్కదు. ఒకరి పొలం కరిగెట పూర్తి కాకముందే మరొకరు వచ్చి గట్టు మీద నిలబడతారు. అటువంటి రోజుల్లో బండి చెడిపోతే ఆగేది ఇంజన్ ఒక్కటే కాదు. నారు ముదురుతుంది. నాటు కూలీలు వేరే వూరికి పోతారు. రావలసిన కిరాయి రాదు. అప్పు మీద కొన్న బండి అయితే కిస్తీ మాత్రం ఆగదు.

అప్పుడు రైతు ముందు నిలిచే ప్రశ్న ఒక్కటే. బండిని పట్నంలోని కంపెనీ షోరూముకు తోలాలా? అడ్డరోడ్డు మీద షెడ్డు వేసుకున్న మెకానిక్‌ను పిలవాలా? జగిత్యాల, పెద్దపల్లి వైపు వరి రైతులకైనా, ఆదిలాబాద్, నిర్మల్ వైపు పత్తి రైతులకైనా ఈ బాధ ఒకటే. షోరూముకు పోతే బిల్లు పగిలిపోతుందని కొందరు, షెడ్డులో ఇస్తే బండి పాడవుతుందని కొందరు వాదులాడుకుంటూ వుంటారు. అయితే అన్ని పనులకూ ఒకే చోటును నమ్ముకోవడమే అసలు నష్టం. బండి వయసును బట్టి, చేయవలసిన పనిని బట్టి చోటు మారాలి. ఎక్కడ చేయించినా రైతు చేతిలో కాగితం వుండాలి.

వారంటీ వున్నంత కాలం

కొత్త ట్రాక్టర్‌కు కంపెనీ ఇచ్చే పూచీ ఏళ్ళతో పాటు గంటలతోనూ ముడిపడి వుంటుంది. ఏళ్ళు ముందు నిండినా, మీటరు మీద గంటలు ముందు నిండినా ఆ పూచీ తీరిపోతుంది. కిరాయికి తిరిగే బండికి గంటలే ముందు నిండుతాయి. కనుక బండి కొన్నరోజే వారంటీ పుస్తకం తెరిచి ఎన్ని ఏళ్ళు, ఎన్ని గంటలు అన్నది చూసుకోవాలి. చదువురాని వారు పిల్లల చేత చదివించుకోవాలి.

సాధారణంగా మొదటి సర్వీసు 50 గంటలకు వస్తుంది. కొత్త ఇంజన్‌లో, గేర్‌బాక్సులో పళ్ళు ఒరుసుకొని రాలిన ఇనుపరజను నూనెలో చేరుతుంది. ఆ నూనె తీసి కొత్త నూనె పోయడం, వదులైన బోల్టులు బిగించడం ఈ సర్వీసులో ముఖ్యమైన పనులు. తరువాత చాలా బండ్లకు సుమారు 250 గంటలకు ఒకసారి ఇంజన్ ఆయిలు మార్చవలసి వుంటుంది. ఈ లెక్క ఎంత త్వరగా నిండుతుందో చాలామంది గమనించరు. రోజుకు 10 గంటల చొప్పున 25 రోజులు కరిగెట చేస్తే అక్కడికే 250 గంటలు. అంటే ఒక్క నాట్ల కాలంలోనే ఒక సర్వీసు గడువు తీరిపోతుంది.

ఫ్రీ సర్వీసు అయినా నూనెకు, ఫిల్టర్లకు డబ్బు తీసుకుంటారు, పైగా ఒక రోజు పోతుంది అని కొందరు ఆ కూపన్లను పారేస్తుంటారు. ఇది పొరపాటు. రేపు ఇంజన్‌లోనో గేర్‌బాక్సులోనో పెద్ద లోపం బయటపడితే షోరూము వారు మొదట అడిగేది ఆ సర్వీసులు వేళకు జరిగాయా అనే. కూపన్ మీద ముద్ర లేకపోతే అక్కడే పేచీ మొదలవుతుంది. కాబట్టి వారంటీ తీరేదాకా ఇంజన్, గేర్‌బాక్సు, హైడ్రాలిక్ లిఫ్టు వంటి పెద్ద భాగాలను బయట విప్పించకుండా వుండడం మేలు. బండిని అంతదూరం తోలలేని వారు షోరూముకు ఫోను చేసి మెకానిక్‌ను పొలం దగ్గరికి పంపగలరా అని అడగాలి. కొన్ని షోరూముల వారు అలా పంపుతున్నారు.

వారంటీ వున్నది గదా అని అన్నీ ఉచితంగా వస్తాయనుకోరాదు. క్లచ్ ప్లేటు, బ్రేకు లైనింగు, బెల్టు, ఫిల్టర్లు వంటి అరిగిపోయే సామాను సాధారణంగా అందులోకి రాదు. టైర్లకు, బ్యాటరీకి వాటిని తయారు చేసిన కంపెనీలే పూచీ పడతాయి.

షెడ్డు బలం ఎక్కడుంది

షెడ్డు మెకానిక్‌కు వున్న మొదటి బలం దగ్గరగా వుండడం. రాత్రి ఎనిమిది గంటలకు మడిలో బండి ఆగితే టార్చిలైటు పట్టుకొని వచ్చేది అతడే. వూళ్ళో ఏ బండికి ఏ జబ్బు వుందో అతనికి గుర్తు వుంటుంది. వడ్లు అమ్మినాక డబ్బులిస్తానంటే ఒప్పుకునేది కూడా అతడే. ఉట్నూరు నుంచి ఆదిలాబాద్‌కు దాదాపు 50 కిలోమీటర్లు. వానలు పడి వాగులు పొంగితే లోపలి గూడేల నుంచి ట్రాక్టర్ పట్నం దాకా రావడం కుదరని పని. అక్కడ షెడ్డు లేకపోతే సేద్యమే ఆగుతుంది.

వారంటీ తీరిన పాత బండ్లకు షెడ్డే పెద్ద దిక్కు. హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల సంగతే ఇందుకు సాక్ష్యం. హర్యానాలోని పింజోరులో ప్రభుత్వ రంగ సంస్థ అయిన హెచ్.ఎం.టి. 1971లో ట్రాక్టర్ల తయారీ మొదలుపెట్టింది. నష్టాలు పెరగడంతో ఆ ట్రాక్టర్ల విభాగాన్ని మూసివేయాలని 2016లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. కంపెనీ పోయినా కొన్న రైతు దగ్గర బండి మిగిలింది. అటువంటి బండికి షోరూము ఎక్కడిది? పాత సామాను వెతికి తెచ్చే షెడ్డు మెకానిక్, దొరకని ముక్కను కోసి ఇచ్చే లేత్ షాపు వుంటేనే అది మళ్ళీ దుక్కి దున్నుతుంది.

ఇక షెడ్డు బలహీనత సామానులో వుంది. కంపెనీ డబ్బాను పోలిన డబ్బాలో నకిలీ ఫిల్టరు, నకిలీ బేరింగు వస్తే మెకానిక్ చేతి పని ఎంత మంచిదైనా ఫలితం వుండదు. నకిలీ ఆయిల్ ఫిల్టరుతో మిగిలే కొద్ది రూపాయల కోసం ఇంజన్‌కే ఎసరు పెట్టుకున్నట్లు అవుతుంది. సిలిండరు హెడ్డు బోల్టులను కంపెనీ చెప్పిన బిగువుకే బిగించాలి. అందుకు కొలత చూపే టార్క్ రెంచి వుండాలి. చేతి అంచనాతో బిగిస్తే ఒకచోట వదులు, ఒకచోట బిగువు అయి గ్యాస్కెట్టు కొట్టుకుపోయే ప్రమాదం వుంది. షెడ్డులో ఇంజన్ పని ఇచ్చేవారు ఈ పనిముట్టు వుందా అని ముందే అడగడం తప్పు కాదు.

పంపు సంగతి వేరు

డీజిల్ పంపు, నాజిళ్ళ పని షోరూము, షెడ్డు రెండింటికీ చెందనిది. పంపును బెంచి మీద తిప్పి, ప్రతి సిలిండరుకూ డీజిల్ సమానంగా పోతున్నదా అని కొలిచి చూడాలి. అందుకు పట్టణాల్లో ప్రత్యేకమైన పంపు షాపులు వున్నాయి. రైతులు ఇప్పటికీ మైకో పంపు అని పిలుచుకునే పంపులు బెంగుళూరు కంపెనీవి. 1951లో మొదలైన ఆ కంపెనీ పేరు 2008లో బాష్‌గా మారింది. పంపును దుమ్ములో విప్పడం, అంచనాతో స్క్రూ తిప్పి డీజిల్ ఎక్కువ పోయేలా చేయడం చేటు తెస్తాయి. మొదట బండి జోరుగా లాగినట్లు కనిపిస్తుంది. తరువాత నల్లటి పొగ వస్తుంది, డీజిల్ ఖర్చు పెరుగుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది.

కంప్యూటర్ వున్న బండ్లు

2023 జనవరి 1 నుంచి 50 హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకు పొగ నిబంధనలు కఠినమయ్యాయి. దానితో ఈ పెద్ద బండ్లలో ఎలక్ట్రానిక్ పెట్టె, సెన్సర్లు, కామన్ రైల్ పంపు వచ్చాయి. జీపులు, సామాను బండ్లు వంటి రోడ్డు వాహనాలకు ఈ మార్పు 2020 ఏప్రిల్ నుంచే అమలులోకి వచ్చింది. వీటిలో లోపం ఎక్కడుందో తెలియాలంటే స్కానర్ తగిలించి చూడాలి. ఆ పరికరం, దానిని చదివే విద్య లేనిచోట వైర్లు లాగి చూడడం ప్రమాదం. ఇటువంటి బండి కొనేవారు ధర, వాలకం చూసే ముందు ఆ కంపెనీ షోరూము తమ వూరికి ఎంత దూరంలో వుందో చూసుకోవాలి. 50 హార్స్‌పవర్ లోపు బండ్లకు ఈ కఠిన నిబంధన ఆనాడు వర్తించలేదు. ఆ తరహా పాత ఇంజన్ల పని షెడ్డుల్లో బాగానే సాగుతున్నది.

చట్టం ఏమంటున్నది

బయట చేయి వేయిస్తే వారంటీ పోతుందనే మాట షోరూముల్లో తరచుగా వినిపిస్తుంది. ఈ మాట ఎంతవరకు న్యాయమన్న విషయంపై ఒక పెద్ద తీర్పు వుంది. కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలపై మొత్తం 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలను, మరమ్మతుకు కావలసిన సమాచారాన్ని బయటి మెకానిక్‌లకు అందకుండా ఆపుతున్నారన్నది ఆ కంపెనీలపై వచ్చిన అభియోగం. బయట రిపేరు చేయించినంత మాత్రాన మొత్తం వారంటీ రద్దు చేయరాదని, ఆ రిపేరు సరిగా లేక ఏ మేరకు నష్టం జరిగిందో ఆ మేరకే కాదనవచ్చునని కమిషన్ ఆదేశించింది. కంపెనీలు దీనిపై అప్పీళ్ళకు పోయాయి. ఆ కేసు కార్లకు సంబంధించినది, ట్రాక్టర్లది కాదు. అయినా వినియోగదారుని హక్కు ఎటువైపు నడుస్తున్నదో అది చెబుతున్నది. 2022 డిసెంబరు 24న కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు పేరుతో సమాచార వేదికను ప్రారంభించినప్పుడు మోటారు వాహనాలతో పాటు వ్యవసాయ యంత్రాలను కూడా అందులో చేర్చింది.

వారంటీలో వుండి కూడా పని చేయకపోతే, తీసుకున్న డబ్బుకు పని జరగకపోతే 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు. అప్పటికీ తీరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ వుంది. 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం 5 లక్షల రూపాయల లోపు వ్యవహారాలకు ఫీజు లేదు. వకీలు లేకుండా రైతే వాదించుకోవచ్చు. రెండేళ్ళ లోపు ఫిర్యాదు చేయాలి. ఈ దారి షోరూము మీదికే కాదు, డబ్బు తీసుకొని పని చెడగొట్టిన షెడ్డు మీదికి కూడా వుంది.

బిల్లే బలం

అయితే కమిషన్ ముందు నోటిమాట నిలవదు. బిల్లు వద్దంటే కొంత తగ్గిస్తామని అనే దుకాణాలు వున్నాయి. ఆ తగ్గింపుతో రైతు తన హక్కును అమ్ముకుంటున్నాడు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ టైర్లు, విడిభాగాలపై జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను భయంతో బిల్లు మానుకోవలసిన అవసరం ఇప్పుడు అంతగా లేదు.

బిల్లు మీద తేదీ, మీటరు గంటలు, వేసిన సామాను పేరు, దుకాణం సంతకం వుండాలి. షెడ్డు మెకానిక్ దగ్గర బిల్లు పుస్తకం లేకపోతే ఒక నోటుబుక్కులో ఇవే వివరాలు రాయించి సంతకం పెట్టించుకోవాలి. షోరూములో బండి ఇచ్చేటప్పుడు ఏ పనులు చేస్తారో, సుమారు ఎంత అవుతుందో జాబ్ కార్డు మీద రాయించుకోవాలి. చెప్పని పని చేస్తే ముందుగా ఫోను చేయమనాలి. రెండు చోట్లా తీసివేసిన పాత సామానును అడిగి ఇంటికి తెచ్చుకోవాలి. మార్చారో లేదో తెలిసేది అప్పుడే.

డ్రైవరు చేతిలో సగం

సగం రిపేర్లు రాకుండా ఆపగలిగేది బండి నడిపే మనిషి. కేజ్‌వీల్స్‌తో బురదలో తిరిగిన బండికి సాయంత్రం ముందు ఇరుసులు కడిగి గ్రీజు పట్టాలి. లేకపోతే బురదనీరు సీళ్ళను దాటి బేరింగుల్లోకి చేరుతుంది. గేజి పుల్ల తీసి చూసినప్పుడు నూనె పాలవలె తెల్లగా వుంటే అందులో నీళ్ళు కలిశాయని గుర్తు. అప్పుడు బండిని అక్కడే ఆపి మెకానిక్‌కు చూపాలి, రేపటి దాకా తోలరాదు. ఎండాకాలం దుక్కుల్లో, పత్తి లోడు తోలే మట్టిబాటల్లో ఎయిర్ క్లీనరును రోజూ చూసుకోవాలి. రేడియేటరు జాలీలో గడ్డి, దుమ్ము పేరుకోనీయరాదు.

ఏ చోటికి పోవాలన్నది బండి ఆగిన రోజున కాదు, ఖాళీగా వున్న రోజున తేల్చుకోవలసిన విషయం. రోహిణి కార్తె ఎండల్లో ట్రాక్టర్ చెట్టు కింద నిలబడి వున్నప్పుడే మీటరు చూసి, వారంటీ పుస్తకం చూసి, క్లచ్చి, బ్రేకు, సీళ్ళ పనులు చేయించుకోవాలి. ఆ వేళ షోరూములో వరుస తక్కువ, షెడ్డు మెకానిక్‌కు తీరిక ఎక్కువ, పంపు షాపు వాడు కూడా నింపాదిగా చూస్తాడు. మిరుగం వచ్చి నారుమడి పచ్చబడ్డాక చెడిన బండిని పట్టుకొని తిరిగితే ఎక్కడైనా అడిగినంత ఇవ్వవలసిందే.