మగవారి బలహీనత: దాచుకోకండి, చూపించుకోండి

హయత్‌నగర్ చుట్టుపక్కల ఊళ్ల దంపతులకు ఒక మాట.

అంగం గట్టిపడకపోవడం శాపమూ కాదు, చేతబడీ కాదు. రక్తం చేరి నిలిస్తేనే అంగం గట్టిపడుతుంది. షుగరు, బీపీ, బీడీలు, తాగుడు ఆ రక్తనాళాలను పాడుచేస్తాయి. గుండె నాళాలకన్నా ఇవి సన్నవి. అందుకే ఇది గుండెజబ్బుకు ముందస్తు హెచ్చరిక కావచ్చు. తెల్లవారుజామున గట్టిపడుతూ, భార్య దగ్గర కుదరకపోతే, కారణం చాలావరకు దిగులే.

"వేసెక్టమీతో మగతనం పోతుందట గదా?" పోదు. వీర్యకణాలు వచ్చే గొట్టాలనే కత్తిరిస్తారు. అంగానికి పోయే రక్తనాళాలను ముట్టుకోరు.

రోడ్డు పక్క లేహ్యాలకు డబ్బు తగలేయకండి. డాక్టరుగారికి చూపించుకోండి. 1998లో అమెరికాలో అనుమతి పొందిన సిల్డెనాఫిల్ మాత్ర చాలామందికి పనిచేస్తుంది. కాని గుండెనొప్పికి నైట్రేట్ మాత్రలు వాడేవారు దాన్ని మింగితే ప్రాణాపాయం. డాక్టరుగారికి ముందే చెప్పండి.

అమ్మా, ఆయనను ఎత్తిపొడవకండి. తోడు రండి.