తెగినా ఒకే వరుస

విశాఖ దగ్గరి అచ్యుతాపురం చుట్టూ మైదానంలో అక్కడక్కడా లేచిన కొండలు దేనికవే పుట్టిన గుట్టల్లా కనిపిస్తాయి. నిజానికి అవి తూర్పు కనుమల శకలాలు. సాక్ష్యం రాయిలోనే ఉంది. విశాఖ కైలాసగిరిలోనూ యారాడ కొండలోనూ పైన అనంతగిరి మన్యంలోనూ విరివిగా కనిపించేది ఖోండలైటే. ఖోండు గిరిజనుల పేరు పెట్టుకున్న ఈ రాయి, దాదాపు వంద కోట్ల ఏళ్ల కిందట భూగర్భపు వేడికీ ఒత్తిడికీ రూపు మారిన అవక్షేపం. 3,190 మీటర్ల ఒకుహొతక శిఖరమున్న జపాన్ ఆల్ప్స్ పర్వతాలు ఈ రాయి వయసు ముందు పసిపిల్లలు; అవి ఎదిగింది గత కొన్ని పదుల లక్షల ఏళ్లలోనే. ఎత్తులో మాత్రం మన్యంలోని అర్మకొండ 1,700 మీటర్లకు లోపే ఆగిపోయింది. వానా ఎండా కోసెయ్యగా మిగిలిన ఎత్తు అది.

గోదావరి, కృష్ణ, పెన్న అడ్డంగా చీల్చుకుపోయిన దాన్ని పర్వతశ్రేణి అనడమేమిటన్న అభ్యంతరం ఉంది. అందులో సగం న్యాయమే. కృష్ణకు దక్షిణాన నల్లమల రాళ్ల కథ వేరు, అది కడప అవక్షేప బేసిన్‌ది. కానీ గోదావరికి ఉత్తరాన ఈ వాదన నిలవదు. అక్కడ తెగింది ఎత్తే, రాయి కాదు. ఆ తెగిన ముక్కలూ ఊరికే లేవు. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటునే 1933లో విశాఖ ఓడరేవు మొదలైంది, కొండల నడుమే కొండకర్ల ఆవ అనే సరస్సు నిలిచింది. జపాన్ కొండలు ఇంకా పెరుగుతున్నాయి, తూర్పు కనుమలు పెరగవు; తవ్వేసింది తిరిగి రాదు. క్వారీకి అనుమతిచ్చే ముందు అధికారులు ఈ తేడాను లెక్కలోకి తీసుకోవాలి.