ఏకవార్షిక పుష్పంగా లార్క్‌స్పర్: శీతలావశ్యకత, సాగు

1. ఉపోద్ఘాతం:

శీతకాలపు ఉద్యానాలలో నీలం, ఊదా, గులాబీ, తెలుపు వర్ణాల కంకులతో నిలువుగా పెరిగే ఏకవార్షిక మొక్క లార్క్‌స్పర్. దీని పుట్టినిల్లు మధ్యధరా పరిసరప్రాంతం. 1753లో లిన్నేయస్ దీనికి డెల్ఫీనియం అజాసిస్ అని పేరు పెట్టాడు. గ్రీకు వీరుడు ఏజాక్స్ నెత్తుటి నుండి పుట్టిన పువ్వు రేకులపై అతని పేరులోని అక్షరాలు కనిపిస్తాయన్న పురాణగాథ ఈ నామానికి మూలం.

2. వర్గీకరణ:

పై రక్షకపత్రం వెనుకకు సాగి, లార్క్ పక్షి కాలి వెనుకగోరును తలపించే తేనెగొట్టంగా మారుతుంది. డెల్ఫీనియంలలో సాధారణంగా నాలుగు ఆకర్షణపత్రాలు, మూడు లేదా అంతకు మించిన ఫలదళాలు ఉంటాయి. లార్క్‌స్పర్‌లో ఆకర్షణపత్రాలు కలిసి ఒక్కటిగా ఉంటాయి, ఫలదళమూ ఒక్కటే. ఈ భేదం ఆధారంగానే దీనిని కన్సాలిడా అనే వేరు ప్రజాతిలో చేర్చారు. అయితే జన్యుక్రమ పరిశీలనలు కన్సాలిడాను డెల్ఫీనియంలోని ఒక శాఖగానే నిరూపించాయి. అందువల్ల రెండు పేర్లూ నేటికీ వ్యవహారంలో ఉన్నాయి.

3. విత్తనం – వాతావరణం:

సాగులో వైఫల్యానికి ముఖ్యకారణం వేడినేల. మొలకకు 10–15 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత అనుకూలం. వెలుతురు మొలకను అడ్డుకుంటుంది కనుక విత్తనాన్ని సుమారు అర సెంటీమీటరు మట్టితో కప్పాలి. మొలక రావడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. తల్లివేరు చెదిరితే మొక్క కోలుకోవడం కష్టం. కాబట్టి నారు పోసి నాటడం కంటే నేరుగా విత్తి, 20–30 సెంటీమీటర్ల ఎడం ఉండేలా పలుచన చేయడం మేలు.

తడి విత్తనాన్ని రెండు వారాలు ఫ్రిజ్‌లో ఉంచితే మొలక మెరుగుపడుతుంది. కానీ ఆ ఉపాయం సమస్యలో సగాన్నే తీరుస్తుంది. మొలకెత్తిన మొక్క చలిలో నేలకు అంటిన ఆకుల గుత్తిగా బలపడాలి. ఆపై పగటినిడివి పెరిగేకొద్దీ పూకాడ లేస్తుంది. ఆ దశలో వేడి తగిలితే ఆకులు పెరగకముందే పొట్టి కంకి వస్తుంది. ఉత్తరభారత మైదానాలలో సెప్టెంబరు–అక్టోబరు నెలల్లో విత్తితే ఫిబ్రవరి–మార్చిలో పూస్తుంది. రాత్రులు అంతగా చల్లబడని కోస్తాంధ్ర కంటే అరకు వంటి మన్యప్రాంతాలు ఉష్ణోగ్రత దృష్ట్యా దీనికి అనువైనవి.

4. విషగుణం:

మొక్క అంతటా, ముఖ్యంగా విత్తనాలలోనూ లేత మొక్కలలోనూ, డైటెర్పినాయిడ్ ఆల్కలాయిడ్లు ఉంటాయి. అవి మనుషులకూ పశువులకూ విషం. పలుచన చేసిన మొక్కలను పశువులకు వేయరాదు. విత్తనాలను పిల్లలకు అందనీయరాదు.

5. ముగింపు:

లార్క్‌స్పర్ సాగులో ఎరువు కన్నా రుతువే నిర్ణాయకం. విత్తే తేదీని పంచాంగం కాక నేల చల్లదనం నిర్ణయించాలి.