ఇంట్లో తాబేలును పెంచుతున్నారా?

మా పిల్లల వార్డులో విరేచనాలతో చేరిన ప్రతి బిడ్డ తల్లినీ కొన్ని ప్రశ్నలు అడుగుతాం. తాగే నీళ్లు ఎక్కడివి, పాలు కాచి పడుతున్నారా, బిడ్డ బయటి తిండి ఏమైనా తిన్నాడా అని. కొంతకాలంగా నేను ఇంకో ప్రశ్న కూడా అడుగుతున్నాను. "మీ ఇంట్లో తాబేలు ఉందా అమ్మా?"

ఇలా అడగడానికి కారణం ఉంది. పద్నాలుగు నెలల బాబు ఒకడు జ్వరం, రక్త విరేచనాలతో మా దగ్గరకు వచ్చాడు. వాళ్ల ఇంట్లో నీళ్లు కాచి చల్లార్చే తాగుతారు. పాలసీసా కూడా వాడరు. మలపరీక్షలో సాల్మొనెల్లా అనే క్రిమి కనిపించింది. బాబు నాయనమ్మతో మాట్లాడుతుంటే అసలు సంగతి తెలిసింది. పెద్ద మనవడు ముచ్చటపడితే అక్వేరియం షాపులో చిన్న తాబేలు కొన్నారు. దాని తొట్టిని రోజూ వంటింటి సింకులోనే కడిగేవారు. బాబు పాల గిన్నెలు కడిగేదీ ఆ సింకులోనే. జబ్బు తాబేలు నుంచే వచ్చిందని మేము రుజువు చేయలేదు. కానీ దారి మాత్రం తెరిచే ఉంది. బాబు కోలుకుని ఇంటికి వెళ్లాడు.

తాబేలు నుంచి జబ్బు ఎలా వస్తుంది?

తాబేలు, బల్లి, పాము వంటి ప్రాణుల పేగుల్లో సాల్మొనెల్లా క్రిమి ఉండవచ్చు. వాటికి ఏ జబ్బూ ఉండదు, చూడటానికి శుభ్రంగానే ఉంటాయి. క్రిమి వాటి మలంలో బయటికి వచ్చి తొట్టి నీళ్లలో, డిప్ప మీద, చర్మం మీద చేరుతుంది. పట్టుకున్న చేతికి, ఆ చేతి నుంచి నోటికి పోతుంది. టైఫాయిడ్ తెచ్చేది కూడా ఈ జాతి క్రిమే, కానీ అది మనిషి నుంచి మనిషికి వచ్చే వేరే రకం.

అమెరికాలో 1975లోనే 4 అంగుళాల కంటే చిన్న డిప్ప ఉన్న తాబేళ్లను పెంపకానికి అమ్మడం నిషేధించారు. చిన్నపిల్లలు వాటిని నోట్లో పెట్టుకుని జబ్బు పడటమే దానికి కారణం.

ఎవరికి ఎక్కువ ప్రమాదం?

ఐదేళ్లలోపు పిల్లలు, 65 ఏళ్లు దాటిన పెద్దలు, గర్భిణీలు, షుగరు, క్యాన్సరు, హెచ్.ఐ.వి. ఉన్నవారు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు, స్టెరాయిడ్ మందులు వాడేవారు. మీ పేషెంటు వీరిలో ఒకరైతే డిశ్చార్జి అయి ఇంటికి వచ్చేలోపే తాబేలును వేరే ఇంటికి పంపడం మంచిది.

ఏ తాబేలును పెంచవచ్చు?

మన మెట్ట ప్రాంతాల చిట్టడవుల్లో తిరిగే నక్షత్ర తాబేలును, చెరువుల్లో దొరికే మన తాబేళ్లను, ఉడుమును ఇంట్లో ఉంచుకోవడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం. ఇంట్లో ఉంటే ధనం కలిసి వస్తుందని కొందరు నక్షత్ర తాబేలును తెచ్చుకుంటారు. అదృష్టం కోసమే అయితే ఇత్తడి తాబేలు చాలు. దారిలోనో పొలంలోనో దొరికితే ఇంటికి తేవద్దు, అటవీశాఖ వారికి అప్పగించండి.

షాపుల్లో ఎక్కువగా అమ్మేది చెవుల దగ్గర ఎర్రచార ఉండే విదేశీ తాబేలు. కొన్నప్పుడు అరచేతిలో పడుతుంది, కానీ జానెడు దాటి పెరుగుతుంది. 20, 30 ఏళ్లు బతుకుతుంది. అన్నాళ్లు చూసుకోగలమా అని ఆలోచించి కొనండి. పెంచలేక సాగర్ కాలువలోనో ఊరి చెరువులోనో వదలవద్దు. అక్కడ ఉండే మన తాబేళ్ల తిండికి, చోటుకు అది పోటీ వస్తుంది.

తాబేలు ఆరోగ్యంగా ఉండాలంటే

1. తొట్టిలో ఈదడానికి నీళ్లు, ఎక్కి ఆరడానికి పొడి రాయి రెండూ ఉండాలి.

2. రోజూ కాసేపు ఉదయపు ఎండ తగలాలి. కిటికీ అద్దంలోంచి వచ్చే వెలుగు సరిపోదు. ఎండ, కాల్షియం చాలకపోతే డిప్ప మెత్తబడుతుంది. అలాగని మన రెంటచింతల ఎండలో తొట్టి పెట్టి మరచిపోతే నీళ్లు కాగి తాబేలు చచ్చిపోతుంది. పక్కనే నీడ తప్పనిసరి.

3. అన్నం, బ్రెడ్డు, పాలు పెట్టవద్దు. తాబేలు మేత గుళికలు, ఆకుకూరలు, అప్పుడప్పుడు చిన్న చేపలు పెట్టండి.

4. నీళ్లు మురికి కాకుండా తరచుగా మార్చండి.

5. కళ్లు వాచినా, తిండి మానేసినా, నోటి నుంచి నురగ వచ్చినా, నీళ్లలో ఒక పక్కకు ఒరిగి ఈదినా పశువుల డాక్టరుకు చూపించండి. మనుషుల మందులు వేయవద్దు.

ఇంటివారు ఆరోగ్యంగా ఉండాలంటే

1. తాబేలును గానీ తొట్టిని గానీ ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో కనీసం 20 సెకన్లు చేతులు కడుక్కోండి. పిల్లల చేతులు మీరే దగ్గరుండి కడగండి.

2. తొట్టిని వంటింట్లో గానీ, మంచినీళ్ల పంపు దగ్గర గానీ కడగవద్దు. దానికి వేరే బకెట్టు, వేరే బ్రష్షు పెట్టుకోండి. బిడ్డకు స్నానం చేయించే టబ్బును తాబేలుకు వాడవద్దు.

3. తొట్టి నీళ్లు మరుగుదొడ్డిలో పోయండి. పెరట్లో కొత్తిమీర మడికి పోయవద్దు.

4. తాబేలుకు ముద్దు పెట్టనివ్వకండి. వంటింట్లో, పక్కమీద తిరగనివ్వకండి.

"తాబేలుకే మందు వేస్తే క్రిమి పోదా సిస్టర్?" అని కొందరు అడుగుతారు. పోదు. మందు వేసినా క్రిమి మిగిలిపోతుంది. ఒకసారి పరీక్షలో లేదని వచ్చినా నమ్మడానికి లేదు, ఎందుకంటే క్రిమి ప్రతిరోజూ బయటికి రాదు. సబ్బు, నీళ్లే మనకు కాపలా.

విరేచనాలు మొదలైతే

క్రిమి సోకిన ఆరు గంటల నుంచి ఆరు రోజుల లోపు జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు మొదలవుతాయి. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టును దానిమీద రాసినన్ని నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. తల్లిపాలు ఆపవద్దు. మందుల షాపులో మీ అంతట మీరు యాంటీబయాటిక్ కొని వేయవద్దు. మలంలో రక్తం పడినా, జ్వరం తగ్గకపోయినా, బిడ్డ కళ్లు లోపలికి పోయినా, మూత్రం తగ్గినా, మత్తుగా పడుకున్నా, మూడు నెలల లోపు బిడ్డ అయినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

వచ్చినప్పుడు ఇంట్లో తాబేలు ఉందన్న సంగతి డాక్టరుకు చెప్పండి. మిమ్మల్ని ఎవరూ కోప్పడరు. ఆ ఒక్క మాటతో ఏ పరీక్ష చేయాలో మాకు త్వరగా తెలుస్తుంది.